ఎత్తకూడని చేయి

నెలన్నర దాకా ఎడమ చేయి భుజం కన్నా పైకి ఎత్తవద్దని ఆమెకు చెప్పింది ఒక ఆసుపత్రి. ఆ గడువు సగమైనా తీరకముందే, ఆ చేయి ఎత్తక తప్పని పనిలో ఆమెను నిలబెట్టిందీ అదే ఆసుపత్రి. జరిగిన అన్యాయం ఇదీ.

ఆమె ఆ ఆసుపత్రి వెనక భాగంలో ఉన్న లాండ్రీలో పనిచేసేది. రోగుల దుప్పట్లను అంచుకు అంచు కలిపి, అరచేత్తో ఒక్క చరుపు చరిచి, ముడతన్నది లేకుండా మడిచేది కనుక అందరూ మడతక్క అనేవారు. అక్కడి డ్రయ్యరు ఎప్పుడో చెడిపోయింది. బాగుచేయిస్తామన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. అందుచేత తడి దుప్పట్లన్నీ తలకన్నా ఎత్తున బిగించిన తీగల మీద ఆరవలసిందే. అది ఒంటరిగా చేయగల పని కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించాక, ఒకామె తీగ మీదుగా విసురుతుంది, అవతలామె అందుకుని లాగుతుంది. అందుకే మనుషులను జతలుగా పెట్టుకునేవారు. జతలో ఒకరు రాకపోతే రెండోవారిని కూడా గేటు దగ్గర నుంచే తిప్పి పంపేవారు. ఈ నియమం ఏ చట్టంలో ఉందని అడిగినవారు లేరు.

మడతక్క జత ఆమె తమ్ముడి భార్యే. మరదల్ని ఆ పనిలో పెట్టించింది కూడా తనే.

ఒక పూట మడతక్క దుప్పటి లాగుతూ లాగుతూ దానితోపాటే కుప్పకూలింది. గుండె కొట్టుకోవడం బాగా మందగించిందన్నారు; ఎడమ భుజం కింద పేస్‌మేకర్ అమర్చారు. ఆపరేషను ఉచితంగా చేసి, పూలగుత్తి చేతికిచ్చి ఫొటో తీసి, ‘మా సిబ్బందే మా కుటుంబం’ అని రాసి ముందు హాల్లో తగిలించారు. ఆ ఫొటోలో ఆమె నవ్వలేదు. నవ్వితే కుట్లు లాగుతాయేమోనని భయపడింది.

“లోపల వైరు ఇంకా కుదురుకోలేదమ్మా,” అన్నాడు డాక్టరు, ఇంటికి పంపేటప్పుడు. “నెలన్నర దాకా ఈ చేయి భుజం దాటి లేవకూడదు. లేచిందంటే వైరు కదిలిపోతుంది.”

“తల దువ్వుకోవచ్చా బాబూ?”

“ఎవరిచేతైనా దువ్వించుకో.”

దువ్వడానికి ఇంట్లో ఉన్నది తాళాలు బాగుచేసే మొగుడొక్కడే.

“ఇది జడా, బావి తాడా?” అని తడుముకుని చూసుకుంది ఆమె.

“తాడైతే గట్టిగా ఉండేది. కదలకు.”

“మెల్లిగా! నా జుట్టేమీ తుప్పు పట్టిన తాళం కాదు, అలా పీకడానికి.”

ఆ ఇంట్లో అలా నవ్వుకున్నది కొద్ది రోజులే. ఒకనాడు పనివేళప్పుడు మరదలు వచ్చి గడప మీద కూలబడింది. అంతకుముందు కూడా రోజూ గేటు దాకా వెళ్లి తిరిగి వస్తూనే ఉందట. చెప్పడానికి నోరు రాలేదు.

“నేనేమీ అనడం లేదు వదినా. నీ సంగతి నాకు తెలీదా? కానీ కేకలాయన ఇవాళ ఖరాఖండిగా చెప్పేశాడు. సోమవారానికి నువ్వు రాకపోతే మనిద్దరి చోట్లోనూ వేరే జతను పెట్టేస్తాడట.”

కేకలాయనంటే లాండ్రీ సూపర్‌వైజరు, ఆసుపత్రి నుంచి లాండ్రీ పని గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు మనిషి.

“డాక్టరు చెప్పింది చెప్పావుటే?”

“చెప్పకేం? ‘డాక్టరొచ్చి దుప్పట్లు ఆరేస్తాడా?’ అన్నాడు.”

“పోతే పోయింది, ఇంకో పని చూసుకోవచ్చు,” అన్నాడు మొగుడు. గుండె దగ్గర యంత్రం పెట్టుకున్న మనిషికి ఎవరు పని ఇస్తారో అతను చెప్పలేదు. అడిగే ధైర్యం ఆడవాళ్లిద్దరికీ లేకపోయింది.

సోమవారం మడతక్క పనిలోకి వెళ్లింది. “మడత బల్ల దగ్గర కూర్చోబెట్టండి బాబూ, చేయి ఎత్తకుండా ఎంత పనైనా చేస్తాను,” అని బతిమాలింది.

“కోరినచోట కూర్చోవడానికి ఇదేమన్నా నీ పుట్టిల్లా?” అన్నాడు కేకలాయన. “తీగ దగ్గరికి నడువు.”

మరదలు ఆమెను పక్కకు లాగింది. “విసరడం, అందుకోవడం రెండూ నేనే చూసుకుంటా. నువ్వు కుడిచేత్తో కింది అంచు పట్టుకో, చాలు. ఆయన ఇటు చూసినప్పుడు మాత్రం కష్టపడుతున్నట్టు మొహం పెట్టు.”

“ఆ మొహం ప్రత్యేకంగా పెట్టక్కర్లేదే. పుట్టుకతోనే వచ్చింది నాకు.”

మరదలు ఇటు విసిరి, దుప్పటి కింద నుంచి దూరి అటు పరుగెత్తి లాగేది. ఎంత జాగ్రత్తపడినా వాళ్లు ఒక్క పొరపాటు చేశారు. బరువును గురించి ఆలోచించారే గాని, చేతి అలవాటును గురించి ఆలోచించలేదు. ఏళ్ల తరబడి జారే దుప్పటిని పట్టిన చేయి అది. ఒక తడి దుప్పటి తీగ మీద నుంచి జారింది; బురదనేల తాకితే మళ్లీ ఉతకాలి, మళ్లీ తిట్లు తినాలి. మడతక్క చేతులు రెండూ వాటంతట అవే పైకి లేచి దాన్ని పట్టేశాయి.

“భలే పట్టావు వదినా!” అంది మరదలు. ఆ తర్వాత గాని ఇద్దరి మొహాలూ పాలిపోలేదు.

మర్నాటి నుంచి ఆమెకు ఒకటే ఎక్కిళ్లు. “కేకలాయనే తలుచుకుంటున్నట్టున్నాడు,” అని నవ్వించబోయింది మరదలు. ఆ వారం తిరగకుండానే మడతక్క మళ్లీ పడిపోయింది.

వైరు కదిలిపోయిందన్నారు; ఆ ఎక్కిళ్లు కూడా దానివల్లేనన్నారు. కుట్లు విప్పి సరిచేస్తే అక్కడ చీము పట్టింది. అంతా తీసేసి, కుడివైపు కొత్తది పెట్టారు. ఈలోగా ఎడమ భుజం బిగుసుకుపోయింది. ఇప్పుడు ఒక చేయి ఎత్తలేదు, రెండోది ఎత్తకూడదు. జడ వేయడమే కాదు, రవిక తొడగడం కూడా మొగుడే చేయాలి. లాండ్రీలో వేరే జత చేరింది. మరదలు ఎవరింట్లోనో అంట్లు తోముతోంది.

“ఆ రోజు నేను రాకుండా ఉండాల్సింది వదినా,” అంటుంది వచ్చినప్పుడల్లా.

“నువ్వు రాకపోతే నేనే కబురు పెట్టేదాన్నిలే.”

ఆ మాట ఇద్దరిలో ఎవరినీ ఊరడించదు.

మొగుడు ఆసుపత్రి ఆఫీసుకు వెళ్లాడు. ఆమె కాంట్రాక్టరు మనిషి, మాకేం సంబంధం అన్నారు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. తనంతట తానే వచ్చింది, మేమేమైనా ఈడ్చుకొచ్చామా అన్నాడు. తిరిగి తిరిగి అతని చెప్పులు అరిగాయి, నోరు మూతపడింది. మడతక్క ఇక ఏమీ అడగడం లేదు. కిటికీ వైపు తిరిగి పడుకుంటోంది. ఆమెకు ఆశ లేదు. హక్కుకు ఆశతో పని లేదు.

ఆసుపత్రి యాజమాన్యమూ, కాంట్రాక్టరూ, మీ ఇద్దరికీ చెబుతున్న మాట ఇది. ఒక మనిషి రాకపోతే మరో మనిషి కూడు తీస్తామని బెదిరించి రప్పించిన రాకను ఇష్టపూర్వకమని పిలిచే అధికారం మీకు లేదు. ఈ గాయం మీ పని వల్ల అయిందని రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఆమె వైద్యమూ, బతుకూ కడదాకా మీ బాధ్యతేనని ఒప్పుకోండి. అందులో మీ వాటాల తగువు మీరూ మీరూ తేల్చుకోండి, ఆమె మొగుణ్ణి మధ్యలో తిప్పకండి. ఆమె మరదల్ని ఈ క్షణమే పనిలోకి తీసుకోండి, జత నియమాన్ని రద్దు చేయండి. ఆపరేషనై మీ దగ్గరికి తిరిగొచ్చే మరే మనిషినైనా, డాక్టరు సరేనన్న పనిలో తప్ప నిలబెట్టకండి. మడతక్కకు మీ సానుభూతి అక్కర్లేదు. జవాబు చెప్పండి.