మా వసారా బడి హాజరు పట్టీ

ఎనిమిదో తరగతి సర్కారు పరీక్షకు నన్ను కూర్చోనివ్వలేదు. హాజరు చాలలేదన్నారు. అది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఎనభై దాటిన ఈ వయసులోనూ అంటున్నాను. ఆ ఏటి ప్రశ్నపత్రాలు తర్వాత సంపాదించి చూశాను. భూగోళంలో ఒక్క ప్రశ్న తప్ప అన్నీ నాకు వచ్చు. (ఆ ఒక్కటీ కెనడా గోధుమల గురించి. ఉదయగిరిలో సజ్జసంకటి తినేవాడికి కెనడా గోధుమలతో పనేముంది?)

ఆ రోజుల్లో పిల్లవాణ్ణి అసలు బడికే పంపకపోతే అడిగేవాడు లేడు. పంపి మానిపిస్తేనే ఊరంతా అడిగేది. గొర్రెల వెంట పోయే పిల్లల గురించి నోరెత్తనివాళ్లకు, మా నాయన నన్ను మూడో తరగతిలో మానిపించి ఇంట్లోనే చదువు చెబుతానన్న రోజున మాత్రం నా భవిష్యత్తు మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చింది. అంతటికీ కారణం శెనక్కాయ. అది వేళ్లకు కాస్తుందని బడిలో అయివారు చెప్పారు, నేను ఇంటికొచ్చి అప్పజెప్పాను. ఏళ్ల తరబడి మెట్టచేలో అదే పంట వేస్తున్న మా నాయనకు ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు మట్టితో సహా ఒక చెట్టు పెరుక్కొచ్చి అయివారి బల్ల మీద పెట్టాడు. "చూడు సామీ, పూత పైన పూస్తాది. దాన్నించి ఊడ నేలలోకి దిగతాది. ఆ ఊడ కొనకు కాయ ఊరతాది. ఇందులో వేరుకు కాసింది యాడుండాది?" అన్నాడు. అయివారు చెట్టును చూడలేదు, బల్ల మీద రాలిన మట్టిని చూశారు. "పుస్తకంలో అట్టా లేదే" అన్నారు. "అయితే ఈ తూరి పుస్తకాన్నే నాటుకో" అని నాయన నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. అయివారు గుమ్మం దాకా వచ్చి, "పిల్లోడు నీ ఒక్కడి సొత్తా? రేపు ఊరికి పనికి రావాల్సినోడు" అన్నారు. "కన్నోణ్ణి నేను. వాడికేం నేర్పాలో నాకు తెలీదా?" అన్నాడు నాయన. ఇంటికొచ్చి ఈ మాటే తన తల్లికి, అంటే మా అవ్వకు చెబితే, "కన్నది నా కోడలు. నువ్వా పొద్దు చేలో ఉండావు" అంది అవ్వ. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అట్లా మా వసారా బడి అయింది. నాయన ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. బడి అన్నాక గంట ఉండాలని ఎద్దు మెడలోది విప్పి దూలానికి కట్టాడు. హాజరు పట్టీ తెచ్చి గళ్లు గీశాడు. అందులో ఉన్నది ఒకటే పేరు. రోజూ గంట కొట్టి, నేను మూరెడు దూరంలో ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, ఇంటిపేరుతో సహా పిలిచేవాడు. "వచ్చినానండీ" అనాలి. (ఇంట్లో నాయనా అనాలి, వసారాలో అండీ అనాలి. ఒక్క గడప దాటితే వరసే మారిపోయేది.) ఒకసారి నాకు జ్వరమొస్తే సెలవు చీటీ కావాలన్నాడు. చీటీ మీద తండ్రి సంతకం ఉండాలన్నాడు. తనే సంతకం పెట్టి, తనే చదివి, "కారణం సరిగా రాయలా" అని తిప్పి పంపాడు. ఆ రోజు మా అమ్మ ఇద్దరికీ గంజే పోసింది.

చదువు బాగా చెప్పాడు, కాదనను. చేను గట్లు కొలిపించి వైశాల్యం నేర్పాడు, పాత దస్తావేజులు చదివించి భాష నేర్పాడు. కానీ ఆ తరగతిలో మొదటివాణ్ణీ నేనే, చివరివాణ్ణీ నేనే. గిల్లుదామంటే పక్కన ఎవడూ లేడు. పదమూడో ఏట ఇక తట్టుకోలేక, నాయన చేనుకు పోయి గంట వేళకు తిరిగొచ్చేలోపు వెనక దడి దూకి పారిపోవడం మొదలుపెట్టాను. ఎక్కడికంటారా, బడికి. ఊళ్లో పిల్లలు బడి ఎగ్గొట్టి కొండెక్కేవాళ్లు, నేను బడి ఎగ్గొట్టి బడికి పోయేవాణ్ణి. చివరి బల్ల మీద దూరి కూర్చుంటే అయివారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మధ్యాహ్నం చెడుగుడు. మంచి పట్టులో ఉండగా ఎవడో ఒకడు ఉత్తుత్తినే, "ఒరే వసారా, మీ హెడ్మాస్టరు వస్తా ఉండాడ్రా" అనేవాడు. నేను గోడ దూకేవాణ్ణి. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు, గోడవతల నుంచి నేనూ నవ్వేవాణ్ణి. సాయంత్రం ఇంటికొస్తే ఎక్కడికి పోయావని నాయన అడిగేవాడు కాదు. పట్టీలో ఎర్రసిరాతో సున్నా చుట్టేవాడు, అంతే.

బడిలో పేరు లేనివాడు పరీక్ష రాయాలంటే ఆత్మకూరుకు మకాం వచ్చిన బళ్ల ఇన్‌స్పెక్టరు ఒప్పుకోవాలి. నాయనా నేనూ బొగ్గుతో నడిచే బస్సులో పోయాం. ఆయన లెక్కలడిగాడు, పద్యం అడిగాడు, వ్యాసం రాయించాడు. అన్నీ చేశాను. "ఎవరయ్యా చెప్పింది?" అన్నాడు సంతోషపడి. "నేనే సార్. హెడ్మాస్టరూ నేనే, గంట కొట్టేదీ నేనే" అన్నాడు నాయన. "సరే, ఏడాదంతా చదువు సాగినట్టు ఏదన్నా ఆధారం ఉంటే చూపించు, సంతకం పెడతా" అన్నాడాయన. నాయన తువ్వాలు విప్పి, పెళ్లి పత్రిక ఇచ్చినట్టు రెండు చేతులా హాజరు పట్టీ అందించాడు. ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పాడు.

"ఏందయ్యా ఇది? ముక్కాలు పాళ్లు ఉండాల్సిన హాజరు సగం కూడా లేదే."

"లేదు సార్."

"బడి నీ ఇంట్లోనే గదా? పిల్లోడు నీ కొడుకే గదా?"

"అవును సార్."

"మరి ఇంట్లో ఉండే బిడ్డ ఇంట్లోని బడికి రాకుండా యాడికి పోతాడయ్యా?"

నాయన నా వైపు చూడలేదు. "రాలేదు సార్. రానోడికి రాలేదనే రాసినా."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి, "కొన్ని సున్నాలు దిద్దుకోని మధ్యాహ్నం రా పో" అన్నాడు. నాయన పట్టీని మళ్లీ తువ్వాల్లో చుట్టాడు. "దిద్దితే ఇది హాజరు పట్టీ కాదు సార్" అన్నాడు. తిరుగు బస్సులో నేనాయన పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయాను. మరుసటేడు రాయమంటే నేనే మొండికేశాను. ఆ కోపంతోనే దొరికిన పుస్తకమల్లా నా అంతట నేను చదువుకున్నాను. పిల్లల చదువు మీద హక్కు తల్లిదండ్రులదా సర్కారుదా అని ఇవాళ పేపర్లలో వాదించుకుంటుంటే చదివి నవ్వుకుంటాను. ఆ ఏడు నేను రెండు బళ్లకూ పోయి, రెండింటా రానివాణ్ణయ్యాను.

ఎన్నో ఏళ్లకు, నాయన అరుగు మీద పగ్గం పేనుకుంటుండగా, ఉండబట్టలేక అడిగేశాను. నెత్తిన సగం నెరిసి, ఇద్దరు బిడ్డల తండ్రినై ఉండీ పదమూడేళ్లవాడి గొంతుతోనే అడిగాను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. "ఆ పొద్దు నాలుగు సున్నాలు దిద్దుంటే నీ సొమ్మేం పోయేది నాయనా?" ఆయన చేతిలో పగ్గం ఆపలేదు.

"నువ్వు ఆ బడికాడ చెడుగుడు ఆడతా ఉంటే, దోవన పోతా శానా తూర్లు చూసినాన్రా. అంత నవ్వతా ఉండావు, పిలవబుద్ధి కాలా. అట్టాగని మన బడికి వచ్చినట్టు రాసుకుంటారంట్రా?"