మరక దాచే పరదా

మంచానికీ మంచానికీ మధ్య వేలాడే పరదాలకు, మరక కనబడకుండా ముదురు చాక్లెట్ రంగు గుడ్డ వేయించి, వాటిని ఉతకడం మానేశారు. ఆ పని చేసింది గాజియాబాద్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి. దాని గాజు తలుపులు మనిషిని చూడగానే వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ పరదా రూపం నాది. రంగు మాత్రం నాది కాదు.

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఆ ఆసుపత్రికి కాస్త దూరంలో, మయూర్ విహార్ మార్కెట్లో నాకొక కుట్టు దుకాణం ఉంది. సైన్యంలో గుడారాలు కుట్టి, బాగుచేసి రిటైరైనవాణ్ణి. బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగతాది పాత పుస్తకాల వల్లా, అధికారుల చీవాట్ల వల్లా వంటబట్టింది. కారు కవర్లు, బాల్కనీ తెరలు కుట్టుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం విజయ సిస్టర్ వచ్చింది. నరసాపురం అమ్మాయి, మా చర్చిలో పాటలు పాడుతుంది. ఆ ఆసుపత్రి సర్జరీ వార్డుకు ఆమె ఇన్‌ఛార్జి నర్సు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం.

"అంకుల్, ఆపరేషనైన వాళ్ళకి కుట్లు చీము పడుతున్నాయి. మీటింగులో నన్నే నిలబెట్టి అడుగుతున్నారు," అంది.

"చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే పట్టదా మరి?"

"మీరూ అదే మాటా? చేతులు కడుక్కునే వస్తాం. వచ్చి పరదా లాగుతాం. అదే చేత్తో కట్టు విప్పుతాం. ఆ పరదా ఉతకడం నేను చేరాక ఒక్కసారీ చూడలేదు. ఇంకా ఇలాగే ఉంటే నా కాంట్రాక్టు పొడిగించరట."

మర్నాడు ఆ వార్డుకు వెళ్ళి చూశాను. పరదా సీలింగుకు బిగించిన ట్రాక్ మీద నడుస్తుంది. ట్రాక్ అంటే కొక్కేలు జారే అల్యూమినియం పట్టా. పరదా దింపాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన మెయింటెనెన్సు వాళ్ళది. అది వేయాలంటే మంచం జరపాలి. మంచం మీద పొట్ట కోసి కుట్టిన మనిషి ఉంటాడు.

"భయ్యా, ఇవి ఎప్పుడు దింపుతారు?" అని హౌస్‌కీపింగ్ అతన్ని అడిగాను.

"బెడ్ ఖాళీ అయితే నిచ్చెన దొరకదు, నిచ్చెన దొరికితే బెడ్ ఖాళీ ఉండదు అంకుల్జీ," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చేతులు పట్టుకునే అంచు జిడ్డెక్కి అట్టలా ఉంది.

గుడారానికి పైకప్పు విప్పకుండానే పక్కగోడ ఊడదీయవచ్చు. పరదానూ అలాగే రెండు ముక్కలు చేశాను. పైన మెష్, అంటే గాలీ, నిప్పంటుకుంటే సీలింగు నుంచి చిమ్మే నీళ్ళూ దిగడానికి ఉంచే జాలీ, ట్రాక్‌కే ఉండిపోతుంది. కింది గుడ్డ దానికి తగులుకుని ఉంటుంది. నేల మీద నిలబడి దాన్ని తీసేయవచ్చు. మొదట వెల్‌క్రో పెట్టాను. సిస్టర్ దాన్ని పరపరా లాగి చూసింది.

"ఈ ముళ్ళల్లో దూదీ, వెంట్రుకలూ చేరతాయి అంకుల్. పైగా ఈ చప్పుడుకి అప్పుడే నిద్రపట్టిన పేషెంటు కాస్తా లేచి కూర్చుంటాడు."

ప్లాస్టిక్ ప్రెస్ బటన్లకు మారాను. వార్డులో అందరికన్నా పొట్టి ఆయాను నిలబెట్టి, ఆమె చేతికి అందే ఎత్తులో బటన్ల వరస వేశాను. అంచుకు తడిగుడ్డతో తుడవగలిగే రెగ్జిన్ పట్టీ కుట్టాను. గుడ్డ ఆకుపచ్చది తీసుకుందామన్నాను.

"వద్దు, మీగడ రంగు పెట్టండి."

"ఇట్టే మాసిపోతుందమ్మా."

"మాసినట్టు కనబడాలనే. కనబడితే ఆయా నేను చెప్పేదాకా ఆగదు, తనే మార్చేస్తుంది."

ఒక వరస మంచాలకు వేసి చూశారు. ఆయాలు కబుర్లు చెప్పుకుంటూనే మాసిన గుడ్డ తీసి ఉతికింది తగిలించేవారు. ఆ వరసలో కుట్లు శుభ్రంగా మానుతున్నాయంది సిస్టర్. అది పరదా వల్లేనని నేను ప్రమాణం చేయలేను. ఆమె ముఖం మాత్రం తేటపడింది.

ఇంతలో ఒక పేషెంటు బావమరిది, పరదా మీద పడిన మందు మరకను ఫొటో తీసి ఇంటర్నెట్లో ఆసుపత్రి పేజీలో పెట్టాడు. మర్నాడే పర్చేజ్ మేనేజరు నన్ను పిలిపించాడు.

"అంకుల్జీ, డిజైన్ బఢియా, చాలా బాగుంది. కలర్ మార్చండి. చాక్లెట్. అన్ని వార్డులకూ ఆర్డరిస్తా."

"దాని మీద మరక కనబడదు కదా."

"నేను అడిగేదీ అదే."

"మరి ఉతకాలని ఎలా తెలుస్తుంది?"

"మురికిగా కనబడితే ఉతుకుతారు."

ఆ మాటలోని వంకర అతనికి తట్టలేదు. మళ్ళీ చెప్పబోయాను.

"మీరు టైలరా, డాక్టరా?" అన్నాడు.

కుట్టనని చెప్పి వచ్చేశాను. నా నమూనా చూసి ఇంకెవరో, మేనేజరు అడిగిన రంగులో, అన్ని వార్డులకూ కుట్టి ఇచ్చారు.

ఆ తరువాత వానాకాలంలో, ఆసుపత్రి దగ్గరి ఇందిరాపురంలో ఉండే నా సైన్యపు స్నేహితుడు సుబ్బారావు హెర్నియా ఆపరేషన్‌కు అక్కడే చేరాడు. చూడబోయినవాణ్ణి ముందు పరదా పట్టుకున్నాను. బటన్లు కొత్తలో ఉన్నంత బిగువుగా ఉన్నాయి. ఎవరూ విప్పలేదన్నమాట. రెగ్జిన్ పట్టీ లేనే లేదు. వేలితో రుద్దితే మురికి ఉండలు కట్టి లేచింది.

"నన్ను చూడ్డానికొచ్చావా, గుడ్డ కొలవడానికొచ్చావా?" అన్నాడు సుబ్బారావు.

ఇంటికి పంపేలోగా అతని కుట్లూ చీము పట్టాయి. వార్డు బయట సిస్టర్ కనబడింది.

"ఉతికించండని రాస్తూనే ఉన్నాను అంకుల్. బాగానే కనబడుతున్నాయి కదా సిస్టర్ అంటారు. మీ ఫ్రెండ్ కుట్లు చీము పట్టడం కూడా నా తప్పేనని రాశారు."

"కొన్నాళ్ళు ఊరుకోమ్మా. కాంట్రాక్టు పొడిగించాక అడుగుదువుగాని."

"అప్పటిదాకా ఈ చేతుల్తో ఆ కట్లు విప్పేది నేనే కదా అంకుల్."

ఇంటికెళ్ళగానే, వార్డులో చూసిందంతా రాసి మెడికల్ సూపరింటెండెంటుకు మెయిల్ పెట్టాను. జవాబు రాకపోతే మళ్ళీ పెట్టాను. శుభ్రం చేయడం తేలికైతే శుభ్రం చేస్తారని నమ్మి నేను పరదా కుట్టాను. శుభ్రంగా కనబడటం అంతకన్నా తేలికనీ, ఆ రెండూ ఎదురుగా ఉంటే మన పెద్దమనుషులు దేన్ని ఎంచుకుంటారో ఈ పనిలోనే తెలిసింది. ఆసుపత్రులకు కుట్టే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గుడ్డ కత్తిరించకముందే రంగు సంగతి తేల్చుకోండి.

చివరికి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. తెలుగులో ఇస్తున్నాను:

"మీ సూచనకు ధన్యవాదాలు. కొత్త పరదాలు వేశాక వాటి శుభ్రత గురించి రోగుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. సిబ్బందిలో ఒక్కరే ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ఆవిడ ఇప్పుడు మా సంస్థలో పనిచేయడం లేదు. కాబట్టి ఈ విషయం ముగిసినట్టు భావిస్తున్నాం."