పొన్నుత్తాయి బుగ్గమీది ఉలిపిరికాయ

కోవిల్‌పట్టి పాత బస్టాండు వెనక సందులో, వేరుసెనగ పాకం వాసన పొద్దస్తమానం తగిలే చోట ఉన్న ఫోటో ల్యాబులో సుడలైముత్తు చేరి ఇరవయ్యారేళ్ళయింది. ఏడో తరగతి మధ్యలో బడి వదిలేసి కొన్నాళ్ళు అగ్గిపుల్లల కట్టలు మోశాడు. తర్వాత ఇక్కడ చీకటిగదిలో ట్రేలు కడిగాడు. ఆ కెమికల్ నీళ్ళకి పచ్చబడిన గోళ్ళు ఇప్పటికీ తెల్లబడలేదు. చీకటిగది పోయి కంప్యూటర్లు వచ్చాక యజమాని అతన్ని ఫోటోలు దిద్దే కరెక్షన్ సీటులో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ నడుంనొప్పి, కళ్ళమంట అతనితోనే ఉన్నాయి.

పని ఒకటే. చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లు పెళ్ళిళ్ళూ సమర్తలూ చెవులు కుట్టే వేడుకలూ తెస్తారు. ముఖం తెరమీదికి రాగానే తెలుపు రెండు మెట్లు పెంచాలి, మచ్చలు తుడవాలి, కళ్ళకింద నలుపు తీయాలి, సేవ్ కొట్టాలి. ముఖానికి అర నిమిషం. ఆ ఎండకి నల్లబడని మనిషి ఆ ఊళ్ళో లేడు, ఫోటోలో నల్లగా ఉంటే ఒప్పుకునే మనిషీ లేడు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చేతికి అలవాటైపోయింది.

పెద్ద స్టూడియోలో గోడ ఫోటోకి అడిగే దాంట్లో మూడోవంతుకే ఇక్కడ అదే సైజు వస్తుంది, అదీ అసలు పేపరు మీద. అందుకే కంపెనీ పనులు చేసుకునే ఆడవాళ్ళు ఫోటోగ్రాఫర్ని నమ్ముకోకుండా నేరుగా ఈ సందులోకే వస్తారు.

పేచ్చియమ్మాళ్ అట్లాగే వచ్చింది, మంగళవారం పొద్దున. అగ్గిపెట్టెల కంపెనీలో పని. కొంగు ముడి విప్పి, ఫోనులోంచి తీసిన చిన్న కార్డు బల్లమీద పెట్టింది.

"మా అక్కన్నా. పొన్నుత్తాయి. పోయి పదకొండు రోజులు. ఆదివారం పదహారో రోజు, దండ వెయ్యాలి. గోడకి పెట్టే సైజులో కావాలి."

"శుక్రవారం రామ్మా."

"పేపరు మంచిదేనా? మా ఎదురింటి తాత ఫోటో ఏడాదికే పసుపెక్కింది. చూసినోళ్ళంతా కామెర్లతో పోయాడా అంటున్నారు. ఆయన పోయింది బస్సు కింద పడి."

సుడలైముత్తుకి నవ్వొచ్చింది. "అది రంగునీళ్ళ ప్రింటమ్మా. మాది మిషన్లో కడిగి తీసేది. నీ మనవళ్ళు కూడా చూస్తారు."

"అట్లయితే సరే. అక్కది ఈ ఒక్క ఫోటోనే ఉంది. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. మేకపిల్ల అక్క జడ నముల్తుంటే నవ్వింది, అప్పుడు తీశా."

కార్డు సాయంత్రం వచ్చి తీసుకుంటానని ఆమె వెళ్ళాక, దాన్ని కంప్యూటరులో పెట్టాడు. ల్యాబులో ఒక పద్ధతి ఉంది. కార్డులో ఫోటోలు మిగిలితే మళ్ళీ వచ్చినప్పుడు తికమకవుతుందని, కార్డులోంచి తీసిన ఫోటోని అందులో ఉంచరు. దిద్దకముందే చిన్న సైజులో ఒక టెస్టు ప్రింటు తీసి రంగు చూస్తారు. తర్వాత దాన్ని నాలుగు ముక్కలుగా చింపి గోనెలో పడేస్తారు. దిద్దిన ఫోటోని పాతదాని మీదే సేవ్ చేస్తారు.

తెరమీద పొన్నుత్తాయి తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. తమలపాకు నమిలి ఎర్రబడ్డ పళ్ళు. ఎడమ బుగ్గమీద, కంటికి కాస్త కింద, వేరుసెనగ గింజంత ఉలిపిరికాయ. దానిమీద రెండు వెంట్రుకలు. కొంగు ఎందుకు అడ్డం పెట్టుకునేదో అతనికి అర్థమైంది. పాపం అనిపించింది. అర నిమిషం చాలదని పావుగంట కూర్చుని, ఉలిపిరికాయని జాడ లేకుండా తీసేశాడు. నుదుటి ముడతలు సర్దాడు. తెలుపు రెండు మెట్లు కాదు, మూడు పెంచాడు. ఈ పనికి విడిగా డబ్బు అడగకూడదని కూడా అనుకున్నాడు.

శుక్రవారం పేచ్చియమ్మాళ్ కవరు విప్పి చూసి నవ్వింది.

"కవరు మారిందన్నా. ఇదెవరో టీచరమ్మ."

"మారలేదమ్మా. చీర చూడు."

ఆమె చీర చూసింది. పక్కనున్న మేకపిల్లని చూసింది. నవ్వు పోయింది. చూపుడువేలు ప్రింటు మీద బుగ్గ దగ్గర పెట్టి వెతికింది, చీకట్లో స్విచ్చి కోసం తడుముకున్నట్టు.

"ఇక్కడుండాలి. ఏదది?"

సుడలైముత్తు నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "ఫోన్లోనే అట్లా పడిందమ్మా. ఎండ ఎక్కువైతే అయ్యన్నీ కనపడవు."

అరుస్తుందనుకున్నాడు. ఆమె నమ్మేసింది.

"నా ఫోను మంచిది కాదు," అంది. "దగ్గరికెళ్ళి తియ్యాల్సింది. నవ్వు పోతుందని దూరం నుంచే తీశా. అమ్మ పోయినప్పుడు నాకు రెండేళ్ళన్నా. అక్క బుగ్గమీది ఆ ఉలిపిరికాయ పట్టుకుంటేగాని నిద్రపోయేదాన్ని కాదంట. నా పెళ్ళయ్యేదాకా అంతే. ఇందులో పట్టుకోడానికేం లేదు."

కవరు తీసుకుని ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చుంది. ప్రింటుని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. ఎంతసేపటికీ లేవలేదు. అద్దంలోంచి అతనికి ఆమె వీపు కనబడుతూనే ఉంది. తెరమీద ఒక పెళ్ళికొడుకు ముఖం తెరిచి ఉంది, చెయ్యి కదల్లేదు. తన తప్పుని తీసుకెళ్ళి ఆమె ఫోను మీద పెట్టాడు. ఆమె దాన్నీ మోసుకుని కూర్చుంది.

యజమాని గోమతినాయగం వచ్చి భుజం మీద తట్టాడు. "ఏంటి ముత్తూ, పెళ్ళికొడుకు నచ్చలేదా?"

జరిగింది చెప్పాడు.

"ఉలిపిరికాయ తీసినందుకు బాధపడే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. పోయి ఒక దణ్ణం పెట్టి అసలుది ప్రింటేసివ్వు."

"అసలుది ఎక్కడిది అణ్ణాచ్చీ? కార్డులో తీసేశాం. దిద్దింది దానిమీదే సేవ్ చేశా."

గోమతినాయగం కాసేపు మీసం గోక్కున్నాడు. "టెస్టు ప్రింటో?"

"చింపి గోనెలో వేశా. పొద్దున పాతసామాను కొట్టుకి పోయింది."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావురా?"

సుడలైముత్తు టీకొట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నీ ఫోను తప్పు కాదమ్మా. బాగానే పడింది. నేనే తుడిచేశా. ఇందాక అబద్ధం చెప్పా."

ఆమె తలెత్తి చూసింది. "నన్ను అడక్కుండానా?"

"అందరికీ అట్లాగే చేస్తాం."

"అందరికీనా?" అంది ఆమె. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ మాటలో.

కార్డు ఇస్తే అందులో తీసేసిన ఫోటోని మళ్ళీ రాబట్టొచ్చేమో అన్నాడు. మంగళవారం సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళగానే కొడుకు దాన్నిండా సినిమాలు నింపేశాడంది. అప్పుడు గోనె సంగతి చెప్పాడు. తానొక్కడే వెళ్ళి వెతికొస్తానన్నాడు.

"నేనూ వస్తా. ఆ ఉలిపిరికాయ నీకెట్లా కనబడుద్ది? నీ కళ్ళు తుడిచే కళ్ళు."

పాతసామాను కొట్టు రైలు గేటు అవతల. ఇసక్కి అనే ఆసామి తక్కెడ పక్కన కూర్చుని ఉల్లిపాయతో చద్దన్నం తింటున్నాడు. సంగతి విని చెయ్యి ఊపాడు.

"గోనె అదిగో. ఇంకా విప్పలేదు. మనుషుల్ని ముక్కలు చేసి అమ్ముతారు, మళ్ళీ ముక్కలు కావాలని వస్తారు. మీ ల్యాబు బేరాలు వింతగా ఉంటాయి ముత్తన్నా."

గోనె నేలమీద బోర్లించారు. వారం రోజుల ముక్కలు. ఒక కన్ను, సగం మూతి, చెవి కమ్మ, పుట్టుమచ్చ ఉన్న గడ్డం. సుడలైముత్తు వాటి మధ్య గొంతుక్కూర్చున్నాడు. రోజూ ఒక్కో ముఖాన్నీ అర నిమిషం చూసి పంపేసేవాడు. ఇప్పుడు అందరూ ఒకేచోట, తాను తుడవకముందు ఎట్లా ఉన్నారో అట్లా పడి ఉన్నారు. మొటిమలు, కాలిన మచ్చలు, ఒక పెళ్ళికూతురి పెదవి మీది కుట్టు గుర్తు. ఆ పెళ్ళికూతురు అతనికి గుర్తుంది. ఆల్బంలో ఆ కుట్టు లేదు. ఆమెని ప్రేమించి చేసుకున్నవాడు ఆ ఆల్బం చూసి ఏమనుకుంటాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఎన్నేళ్ళన్నా ఈ పని?" అంది పేచ్చియమ్మాళ్, ముక్కలు పక్కకి జరుపుతూ.

"చాలా ఏళ్ళమ్మా."

"అంటే మా వీధిలో గోడలమీదున్నోళ్ళలో సగం మంది నీ చేతి మనుషులే."

అతను తల దించుకుని వెతికాడు. మోకాళ్ళు పట్టేశాయి. గంట దాటింది. మేకపిల్ల ఉన్న ముక్క మొదట దొరికింది, తర్వాత నవ్వు సగం. ఆ తర్వాత పేచ్చియమ్మాళ్ మాట్లాడటం ఆపేసింది. చూస్తే ఒక ముక్కని బొటనవేలికింద పట్టుకుని ఉంది. ఎడమ కన్ను, బుగ్గ, ఉలిపిరికాయ. బొటనవేలు దానిమీద మెల్లగా తిరుగుతోంది.

నాలుగో ముక్క దొరకలేదు. అందులో ఉన్నది కుడి చెవీ కాస్త జుట్టూ. అది దిద్దిన ఫోటోలోంచి తెచ్చుకుందామన్నాడు.

ల్యాబుకొచ్చాక ముక్కల్ని స్కానరు మీద జాగ్రత్తగా పేర్చాడు. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. తెరమీద ముక్కలు కలిశాయి. చింపిన గీత మాత్రం కనుబొమ్మ నుంచి దవడ దాకా తెల్లగా కనబడుతోంది, ఉలిపిరికాయని ఆనుకుని. అతని చెయ్యి అలవాటుగా మౌసు మీదికి పోయి, ఆగింది.

"ఈ గీత తీసెయ్యనా?"

"తీస్తే దాని పక్క చర్మం మారుద్దా?"

"కొంచెం మారుద్ది."

"అయితే ఉండనీ."

"రంగు?"

"ముట్టుకోకు."

చిన్న ప్రింటుని అంత పెద్దది చేస్తే మసకేస్తుందని, సగం సైజయితే బాగుంటుందని చెప్పాడు. సగమే చాలంది. మంచి పేపరు రోలు ఎక్కించాడు. మిషనులోంచి వెచ్చగా బయటికొచ్చిన ప్రింటుని ఆమె రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"తీయించుకుంటానని అక్క ఎన్నిసార్లు అందో," అంది. "నేనే వద్దన్నా. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా వద్దన్నా. నాకోసం ఉంచుకుని జీవితమంతా కొంగు కప్పుకుంది. బతికుంటే నువ్వు తీసినందుకు నీకు టీ పోయించేది."

మొదట దిద్దిన ప్రింటుని అతను చింపెయ్యబోతే ఆమె ఆపింది.

"అదీ ఇవ్వు. అక్క చీరల పెట్టెలో పెడతా. దాన్ని అక్క చూసుకోనీ."

ఆ సాయంత్రం సుడలైముత్తు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలో నిలబడ్డాడు. గోడమీద అమ్మ ఫోటో. చీకటిగదిలో పనికి చేరిన కొత్తల్లో అమ్మ పోతే, నెగెటివు మీద పెన్సిలుతో రెండు రోజులు కూర్చుని, ఆమె ముఖం మీది స్ఫోటకం గుంటలన్నీ ఒక్కొక్కటే పూడ్చాడు. ఆ పని చూసినందువల్లే గోమతినాయగం తర్వాత అతన్ని ట్రేల దగ్గర్నుంచి లేపి కుర్చీ ఇచ్చాడు. నునుపు బుగ్గలతో అమ్మ గోడమీంచి చూస్తోంది. ఆ గుంటలు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తు తెచ్చుకోబోయాడు. నుదుటి మీద ఉండేవి. ముక్కు మీద?

లోపల్నుంచి భార్య వేలమ్మాళ్ మంచినీళ్ళ చెంబు తెచ్చింది.

"అమ్మకి ముక్కు మీద కూడా మచ్చలుండేవా?" అని అడిగాడు.

"మీ అమ్మని నేనెక్కడ చూశా? నేనొచ్చేసరికే పోయిందిగా." ఆమె ఫోటో వైపు తిరిగి చూసింది. "మచ్చలేంటి? ఫోటోలో లేవే."