గుమ్మఘట్ట నుంచి వచ్చిన సన్నటి పిలుపు

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున ఒక మనిషి నన్ను పిలుస్తుంటే విని కూడా విననట్టు ఊరుకున్నాను. అది చాలదన్నట్టు కాసేపటికి అదే మనిషికి ఫోన్‌లో అబద్ధం చెప్పాను. రెండూ తెలిసి చేసినవే.

నాకు హామ్ రేడియో సరదా ఉంది. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని, మిద్దె మీద తీగ కట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్న సాటివాళ్లతో మాట్లాడుకోవడం. అందులోనూ మా కొద్దిమందిది ఇంకో రకం పిచ్చి. ఐదు వాట్లకు మించి పవర్ వాడం. వంటింట్లో బల్బు తినే కరెంటు కంటే తక్కువ. అంత చిన్న పవర్‌తో, ఒక్కో అక్షరాన్ని పొట్టి పొడుగు కూతలుగా మార్చే మోర్స్ టకటకలు కొట్టి, ఎంత దూరం పోతాయో చూడటమే మా ఆనందం. వందలూ వేలూ వాట్ల సెట్ల మధ్య మాది సంతలో గుసగుస. అవతలివాడు ఓపిగ్గా చెవి పెడితేనే మేం ఉన్నట్టు లెక్క. అందుకే మాలో ఒక మర్యాద ఉంది. ఇద్దరు ఒకేసారి పిలిస్తే, సన్నగా వినిపించేవాడికి ముందు జవాబివ్వాలి.

ఆ మర్యాదను కొత్తవాళ్లకు నేర్పింది నేనే. తప్పింది కూడా నేనే.

బత్తలపల్లెలో ఈ పిచ్చి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేసే రోజుల్లో ఇది పట్టుకుంది. మొదట్లో అడగడానికి మనిషి లేడు. అనంతపురంలో రేడియోలు బాగుచేసే ఒకాయన, బెంగళూరులో ఒక క్లబ్బు ఉందని చెబితే రైలెక్కి పోయాను. అక్కడ అందరివీ పెద్ద సెట్లు. నాది ఐదు వాట్లు అంటే ఒకాయన మర్యాదగానే నవ్వాడు. టీ తాగేటప్పుడు మాత్రం ఒక ముసలాయన పక్కకు పిలిచి, తక్కువ పవర్ వాళ్లకు వేరే గుంపు ఉందని చెప్పాడు. మనమే బిగించుకునే సెట్ల కిట్లు ఎవరు అమ్ముతారో, ఏ ఫ్రీక్వెన్సీ మీద మనవాళ్లు పొద్దున పూట కలుస్తారో ఆయనే చెప్పాడు. ఆ రోజు తిరుగు రైల్లో నాకు నిలబడటానికి కూడా చోటు లేదు. అయినా ఎవరో నా కోసం కుర్చీ వేసినట్టు అనిపించింది.

ఇప్పుడంతా ఫోన్‌లోనే. మా గుంపు వాట్సాప్‌లో ఉంది. సొంత సెట్టు లేకున్నా ఇంటర్నెట్‌లో వేరే ఊళ్ల రిసీవర్లు తెరిచి వినొచ్చు. పరీక్షకు ఏం చదవాలో వీడియోలున్నాయి. కానీ జవాబిచ్చే మనిషి దొరకడం మాత్రం అప్పటిలాగే కష్టం.

నా భార్య పోయాక అది ఇంకా కష్టమైంది. ఉన్నప్పుడు ఆమె అనేది, "యాడో ఉండేవాళ్లతో అంతసేపు టకటకలాడతావు. ఈడ ఉండేదాన్ని తిన్నావా అని ఒక్క మాట అడగవు." నేను చెవుల మీద హెడ్‌ఫోన్ సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు కూడా లేరు. ఐదు వాట్లతో పిలిస్తే కొన్నిసార్లు వారమంతా ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దం భరించలేక, రెండు నెలల కిందట వంద వాట్ల పాత సెట్టు ఒకటి కొన్నాను. గుంపులో ఎవరికీ చెప్పలేదు. ఐదు వాట్ల పెద్దాయన అని వాళ్లు నన్ను పిలుస్తారు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇక ఆ పిలిచిన మనిషి. గుమ్మఘట్టలో ఆమెకు పిండిమర ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. భర్త తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. రాత్రులు పొద్దుపోక ఫోన్‌లో వీడియోలు చూస్తూ చూస్తూ ఈ దారి పట్టిందట. బెంగళూరు పోయి పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుంది. మన జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారా అని గుంపులో అడిగితే నా నంబరు ఇచ్చారు.

"అన్నా, ఈడ మాట్లాడేదానికి ఎవురూ లేరు. నువ్వొక్కడివే దొరికినావు" అంది మొదటిసారి ఫోన్ చేసినప్పుడు. బెంగళూరుకు పోయిన నాటి నన్ను నేనే విన్నట్టయింది. ఆరు నెలలు ఫోన్‌లోనే ఆమెకు మోర్స్ నేర్పాను.

మా గుంపుకు ఒక తిరుగుడు సెట్టు ఉంది. సొంత సెట్టు లేని కొత్తవాళ్లకు వరసగా పార్సిల్‌లో పంపుతారు. మూడు నెలలు వాడుకుని తర్వాతివాళ్లకు పంపాలి. అది ఆమె దగ్గరికి వచ్చి మూడు నెలలు కావొచ్చింది. సోమవారం పంపేయాలి. అప్పటిదాకా ఆమెకు ఒక్క మనిషి కూడా జవాబు ఇవ్వలేదు. నేను చెవి పెట్టిన రెండు మూడు పొద్దులూ నాకూ అందలేదు. మర తిరుగుతుంటే మోటారు మోత రేడియోలో కూడా గరగరమంటుంది కాబట్టి, మర తెరవకముందు దొరికే కాస్త పొద్దే ఆమెది. ఆదివారం పొద్దున ఏడు గంటలకు, మేం అనుకున్న ఫ్రీక్వెన్సీ మీద నేను వింటాను, నువ్వు పిలువు అని మాట ఇచ్చాను. ఆమె మొదటి పలకరింపు నాతోనే అని ఇద్దరం అనుకున్నాం.

ఆదివారం ఏడుకు కొంచెం ముందే సెట్టు వేశాను. వంద వాట్లది. వినడానికే కదా అని సర్దిచెప్పుకున్నాను. సరిగ్గా అక్కడే హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీపం నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఇన్నేళ్లలో ఆ ద్వీపం నాకు దొరకలేదు. నా చెయ్యి ఆగలేదు. పూర్తి పవర్‌తో పిలిచాను. ఒక్కసారికే జవాబు వచ్చింది.

మా మాటల కింద, దూరంగా, ఒక సన్నటి కూత వినపడింది. నెమ్మదిగా, ప్రతి అక్షరం తర్వాత కాస్త తడుముకుంటూ. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆరు నెలలు నేను దిద్దిన చెయ్యి. ఒక్క నిమిషం ఆగమని నేను కొడితే ద్వీపంవాడు ఆగేవాడే. నేను ఫిల్టర్ మీట తిప్పాను. అది తిప్పితే పక్కనున్న శబ్దాలు తెగిపోయి, మనకు కావలసినదే మిగులుతుంది. ఆమె తెగిపోయింది.

ద్వీపంతో ముచ్చట ముగించి మీట వెనక్కి తిప్పేసరికి అక్కడ ఎవరూ లేరు. ఎంత పిలిచినా లేరు.

ఫోన్ మోగింది.

"అన్నా, నేను కొట్టింది ఇనపడలేదా?"

"లేదమ్మా" అన్నాను. "ఈ పొద్దు బ్యాండ్ బాగాలేదు. ఏ సిగ్నలూ రావడం లేదు."

"అట్లనా." వెనక ఎవరో ఆడవాళ్లు నవ్వుతున్నారు. "నేను ఫోన్ లేకుండా బత్తలపల్లెతో మాట్లాడతా చూడండి అని నలుగురినీ పిలుచుకొంటి. అందరూ డబ్బాలు పట్టుకొని నిలబడుకొని చూసినారు. సరేలే అన్నా. నాకిది అచ్చి రాలేదు. సెట్టు పార్సిల్ కట్టేస్తా. ఇంక వద్దు."

"ఇంకోసారి..." అన్నాను గానీ ఆమె అప్పటికే పెట్టేసింది.

దొరకని ద్వీపం దొరికింది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలా అని ఆలోచిస్తే నాకు తోచిన మనిషి ఆమె ఒక్కతే. కాఫీ పెట్టుకుని తాగకుండా అలాగే కూర్చున్నాను. మళ్లీ ఫోన్ చేసి నిజం చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో ఒకసారి అబద్ధం నాలుక మీదికి ఎంత సులువుగా వచ్చిందో చూశాను కాబట్టి, నా మీద నాకు నమ్మకం కలగలేదు. చొక్కా వేసుకుని బస్సెక్కాను.

అనంతపురంలో మారి, కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయి, అక్కడి నుంచి ఆటోలో గుమ్మఘట్ట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్రనేలలు, విత్తనానికి ఒక్క అదును వాన పడని చేలు. గుట్టల మీద గాలిమరలు మాత్రం తిరుగుతున్నాయి. బస్సులో చెప్పాల్సిన మాటలు నాలుగైదు రకాలుగా తయారు చేసుకున్నాను. అన్నీ మెత్తటి మాటలే.

మర తిరుగుతోంది. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని, పిండి పట్టిన కనుబొమ్మలతో జొన్నలు పోస్తోంది. ముఖాలు చూసుకోవడం అదే మొదలు. నేనెవరో చెప్పాక నవ్వింది. నేను దగ్గరికి పోయి చెప్పడం మొదలుపెట్టాను.

"ఏమంటాండావన్నా? మర మోతలో ఏమీ ఇనపడదు. గట్టిగా చెప్పు!"

చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు డబ్బాల మీద కూర్చుని ఉన్నారు. నేను అరవక తప్పలేదు. "పొద్దున నువ్వు కొట్టింది నాకు వినపడింది! విని, సముద్రం అవతల ద్వీపంవాడితో మాట్లాడుతూ నిన్ను ఆపేశాను! బ్యాండ్ బాగానే ఉంది! నేను అబద్ధం చెప్పాను!"

ఆమె పోయి స్విచ్ ఆపింది. బెల్టు తిరిగి తిరిగి నిలిచింది. ఉన్నట్టుండి అంత నిశ్శబ్దమయ్యేసరికి నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాది ఇనపడిందా?" అంది.

"వినపడింది."

"నిజంగానా? ఈడ నుంచి ఆడికి పోయిందా?"

"పోయింది."

ఆమె వెనక్కి తిరిగి, "ఇనినారా? పోయిందంట!" అంది వాళ్లతో. ఆ ముఖంలో వెలుగు చూసి నేను బయటపడ్డానేమో అనుకున్నాను. కానీ ఆమె మళ్లీ నా వైపు తిరిగేసరికి వెలుగు లేదు.

"మూడు నెల్లు పొద్దున్నే లేసి కొట్టినా. సెట్టు సరిలేదేమో, చెయ్యి సరిలేదేమో, నాకు తెలివి చాలదేమో అని ఏడ్చినా. ఆ మాట పొద్దున్నే చెప్పింటే నీ దుడ్లేమన్నా పోయేవా?"

"పోయేవి కావు."

ఒక ముసలమ్మ తన జొన్నల డబ్బా మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఏమప్పా, పెద్దమనిషివి. సముద్రం అవతలోడు పిలిస్తే ఉరుక్కుంటా పోయినావు. పక్కూరిది పిలిస్తే చెవుడొచ్చెనా?"

అందరూ నవ్వారు. నేను నేర్పిన మనిషి మాత్రం నవ్వలేదు.

నా సంచిలో నా పాత ఐదు వాట్ల సెట్టు తెచ్చాను. ఊరి బయట ఏదైనా చెట్టుకు తీగ వేసి అక్కడి నుంచి పలుకుతాను, ఈ సాయంత్రమే అయిపోతుంది అన్నాను.

"ఊరి బయట నుంచా? గట్టిగా అరిస్తే ఇనపడతాది. దానికి రేడియో యాల? నాకు అట్లాంటిది వద్దు. నువ్వు ఇంటికి పోయి ఆడ నుంచి పలుకు."

"రేపు పొద్దున్నే పార్సిల్ పోవాలి కదమ్మా."

"అది నువ్వు చూసుకో. చెడగొట్టింది నువ్వే కదన్నా."

అక్కడే, మర అరుగు మీద కూర్చుని, గుంపులో అందరూ వినేలా వాయిస్ మెసేజ్ పెట్టాను. నేను రెండు నెలలుగా వంద వాట్లు వాడుతున్నానని, పొద్దున కొత్త మనిషి సన్నగా పిలుస్తుంటే ఫిల్టర్‌తో తీసేశానని, బ్యాండ్ బాగాలేదని ఆమెకు అబద్ధం చెప్పానని, తప్పు నాదని, ఆమె సెట్టు ఒక్కరోజు ఆలస్యంగా పంపడానికి తర్వాత వంతువాళ్లు ఒప్పుకోవాలని అడిగాను. చెబుతున్నంతసేపూ ఆమె నా ఎదురుగా నిలబడి వింది. తర్వాత మర వేసుకుంది. కాఫీ ఇవ్వలేదు. నేనూ ఎదురుచూడలేదు.

తిరుగు బస్సు కళ్యాణదుర్గం దాటాక, వరసలో తర్వాతున్న కోయంబత్తూరు ఆయన జవాబు పెట్టాడు. ఒక్కరోజుకేం, పరవాలేదు అని. మిగతావాళ్లలో ఎక్కువమంది ఏమీ అనలేదు. ఎప్పుడూ నాకు శుభోదయం చెప్పే ఇద్దరు మరునాడు చెప్పలేదు.

సోమవారం పొద్దున పెద్ద సెట్టు నుంచి తీగ ఊడదీసి చిన్నదానికి కలిపాను. నేను పిలవలేదు. ఏడయ్యింది. దాటింది. ఆమె వస్తుందో రాదో తెలియదు. చాలాసేపటికి ఆ సన్నటి కూత వచ్చింది. మధ్యలో మునిగి మళ్లీ తేలింది. జవాబిచ్చాను. ఆమెకు అందలేదు. మళ్లీ ఇచ్చాను. నా పేరు మూడుసార్లు కొట్టమంది, మూడుసార్లూ కొట్టాను. నాలుగు మాటలు అటూ ఇటూ చేరడానికి అంతసేపు పట్టడం నా జీవితంలో ఎప్పుడూ లేదు.

చివర తన సిగ్నల్ ఎట్లా ఉందో అడిగింది. ఎంత నీరసంగా ఉన్నా బ్రహ్మాండంగా ఉందని చెప్పడం మా హాముల అలవాటు. మొదటి పలకరింపుకైతే ఎవరైనా అలాగే చెబుతారు. నేను ఉన్నదే కొట్టాను. నీరసంగా ఉంది, కష్టపడితేనే అందుతోంది, అని.

పది నిమిషాలకు ఫోన్ చేసింది. వెనక డబ్బాలవాళ్ల గొడవ వినిపిస్తోంది.

"అంత తక్కువనా అన్నా?"

"అంతేనమ్మా."

"నిజమేనా?"

"నిజమే. నీ తీగ మరీ కిందికి ఉన్నట్టుంది."

"సరే. సెట్టు రేపు పొద్దున పంపిచ్చేస్తా. సొంతానికి ఒకటి తెప్పించుకోవల్ల. కిట్టు యాడ మంచిది దొరుకుతాదో చెప్పు. అట్లనే ఆదివారం వచ్చి తీగ ఎత్తి కట్టేసి పో."

కిట్టు దొరికే చోట్లన్నీ చెప్పాను. సెట్టులో వేసే రాగితీగ కాయిల్స్ చేత్తో చుట్టి ఇచ్చే ఒకాయన ఉన్నాడు. ఇన్నేళ్లూ ఆయన సంగతి నాలోనే దాచుకున్నాను. ఆయన నంబరు కూడా పంపాను. ఆదివారం తాడు, రెండు ఇన్సులేటర్లు తీసుకుని గుమ్మఘట్ట పోయాను.