నీలి గీతల గోడ

ఆఫీసులో అందరూ ఆయన్ని టేపు మాస్టారు అనేవారు. పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. భవనాల అనుమతులు చూసే ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ఇన్‌స్పెక్టరు. నడుముకి ఎడమవైపు ఇనప టేపు, కుడివైపు తాళాల గుత్తి. గోడ దగ్గరికి వెళ్ళగానే తాళంచెవితో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి విని, ఆ తర్వాతే టేపు తీసేవాడు.

నిజాయితీపరుడన్న పేరు కూడా ఆయనకి ఉంది. తనిఖీకి వెళ్ళినచోట టీ చుక్క ముట్టడు. మంచినీళ్ళ సీసా కూడా ఇంటినుంచే. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా తనే చెప్పుకునేవాడు. భార్యకి వినీ వినీ విసుగొచ్చింది. "టీ తాగకపోవడం కూడా ఒక ఉద్యోగమేనా అండీ?" అనేది. ఆయన నవ్వేసేవాడు. మనసులో మాత్రం, అవును, అదే నా ఉద్యోగం అనుకునేవాడు.

ఊరి చివర పెద్ద ఖాళీ నేల ఉంది. గడ్డి, వాగు, పైన బోలెడంత ఆకాశం. ఊరికి ఊపిరాడాలని చట్టం దాని చుట్టూ గీత గీసి, లోపల కొత్తగా ఒక్క ఇటుక పేర్చడానికి వీల్లేదంది. ఒక్క సందు వదిలింది. ఎప్పటినుంచో ఉన్న కట్టడం గోడలు గట్టిగా ఉంటే, పడగొట్టకుండా దాన్నే ఉండటానికి వీలుగా మార్చుకోవచ్చు. ఒక గోడకి మరమ్మతు కూడా చేసుకోవచ్చు. అది మరమ్మతుతో సరిపోతుందా, పడగొట్టి కట్టాల్సిందేనా అన్నది ఇన్‌స్పెక్టరు తేల్చాలి. ఆ సందు ఎవరికోసం వదిలారో కాగితంలో రాయలేదు. అందులోంచి ఇన్నాళ్ళుగా ఎవరు దూరుతున్నారో చూస్తే చాలు.

ఆ వానాకాలం ఒకేరోజు అక్కడివే రెండు ఫైళ్ళు ఆయన చేతికొచ్చాయి.

మొదటిది పాలావిడది. ముప్పై ఏళ్ళుగా ఆ నేలమీద ఆవుల్ని మేపుకుంటున్న మనిషి. ఊళ్ళో అద్దెకున్న గది పడగొట్టి షాపులు కడుతుంటే, మనవరాలితో సహా వచ్చి తన పశువుల కొట్టంలోనే కాపురం పెట్టింది. అనుమతి రాకపోతే నెలలోగా ఖాళీ చెయ్యాలి.

టేపు మాస్టారు వెళ్ళేసరికి ఆవిడ గ్లాసుడు పాలు తెచ్చింది.

"వద్దమ్మా. నేను ఎక్కడా ఏమీ తీసుకోను."

"లంచం కాదు బాబూ, పాలు. తడిసి వచ్చావని ఇస్తున్నా."

"రూలు రూలే."

"సర్లే, దూడకి పోస్తా. దానికే రూలూ లేదు," అని నవ్వింది.

ఆయన గోడలన్నీ తట్టాడు. మూడు గోడలు రాయిలా పలికాయి. వెనక గోడ మాత్రం మూడువేళ్ళ మందాన బయటికి వాలింది. నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు. ముందు గోడమీద కింద వరసగా నీలిరంగు సుద్దగీతలు కనిపించాయి.

"ఇవేంటమ్మా?"

"నా దూడలు. పుట్టిన రోజున ఎంతెత్తుందో గీస్తా. నువ్వొక్కడివే కొలుస్తావనుకున్నావా?"

రెండో ఫైలు గోడౌన్‌ది. ఇంకో మైలు అవతల. దాన్ని అతిథిగృహంగా మార్చుకుంటానని ఓనరు దరఖాస్తు. దారంతా బురద. మాస్టారి మోకాలు అప్పటికే వాచిపోయింది. ఇంతలో పై అధికారి ఫోన్.

"మాస్టారూ, గోడౌన్ రిపోర్టు సాయంత్రానికి నా బల్లమీద ఉండాలి. ఎక్కడెక్కడినుంచో ఫోన్లు చేయిస్తున్నాడాయన, నా ప్రాణం తోడేస్తున్నాడు."

మలుపు దగ్గర నిలబడి చూశాడు. దూరంగా చెట్ల సందున రేకు కప్పు మెరిసింది. ఉంది కదా, అనుకున్నాడు. రేపొచ్చి సరిగ్గా చూద్దాం అనుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

రిపోర్టుకి గోడ ఫోటో ఒకటి జతచెయ్యాలి. ఫోన్‌లో ఉన్నవి పాలావిడ కొట్టానివే. వాటిలో గట్టిగా కనిపించే ముందు గోడని ఎంచి గోడౌన్ ఫైల్లో పెట్టాడు. "గోడలు దృఢంగా ఉన్నాయి, మార్చుకోవచ్చు" అని రాశాడు. రేపు అసలు ఫోటో పెట్టి ఇది తీసేస్తానుగా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. పైసా తీసుకోలేదు, టీ తాగలేదు. అందుకే అది తప్పులా కనబడలేదు.

ఆ తర్వాత పాలావిడ ఫైలు తెరిచాడు. మూడువేళ్ళ వాలు. ఆసరాగా చిన్న గోడ కడితే నిలబడుతుందని ఆయనకి బాగా తెలుసు. కానీ అప్పుడే ఒక ఫైల్లో కళ్ళు మూసుకున్న మనిషి, రెండో ఫైల్లో రెండింతలు కఠినంగా ఉండి తన పేరు నిలబెట్టుకోవాలనుకున్నాడు. "వెనక గోడ పడగొట్టి కట్టవలసిందే. తిరస్కరించవచ్చు" అని రాసి, కింద గుండ్రంగా సంతకం పెట్టాడు.

రేపు రాలేదు. వారం తిరిగేసరికి గోడౌన్‌కి అనుమతి, పాలావిడకి నోటీసు వెళ్ళిపోయాయి.

ఆవిడ ఊరుకోలేదు. అప్పీలు చేసుకుంది. విచారణ గదిలో పొడుగాటి బల్ల, గోడకి చప్పుడు చేసే ఫ్యాను. మధ్యలో విచారణాధికారిణి, ఒక పక్క టేపు మాస్టారు, పై అధికారి, ఎదురుగా పాలావిడ. నోటీసు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్ళో ఉంచుకుంది.

"నా కొట్టం ఊళ్ళో అందరూ ఎరిగిందేనమ్మా. ఆ గోడౌన్‌కి ఇచ్చి నాకెందుకివ్వరో చెప్పండి చాలు," అంది.

విచారణాధికారిణి రెండు ఫైళ్ళూ తెప్పించి ఫోటోలు బల్లమీద పరిచింది. "చూడమ్మా, వాళ్ళ గోడ ఎంత గట్టిగా ఉందో."

పాలావిడ వంగి చూసింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది.

"ఇది నా గోడేనమ్మా."

ఫోటో అడుగున వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, నీలి గీతలు. ఇది పెద్దదానిది, ఇది కుంటిదానిది. దీన్ని గీసినరోజు నా చెయ్యి వణికి గీత వంకరపోయింది. గోడౌన్‌కి అసలు గోడలెక్కడివమ్మా? ఇనప స్తంభాలూ రేకులూ!"

పై అధికారి మెల్లగా మోకాలితో మాస్టారి మోకాలిని పొడిచి, "ఫోటోలు కలిసిపోయుంటాయి మేడమ్. పని ఒత్తిడి," అన్నాడు.

"అంతేనా?" అని విచారణాధికారిణి మాస్టారినే అడిగింది.

"అంతేనండి. కలిసిపోయాయి," అన్నాడు. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

అప్పుడు పాలావిడ ఆయన తరఫున మాట్లాడింది. "అయ్యుండొచ్చులే అమ్మా. పాపం, వానలో వచ్చాడు. చెవి పెట్టి మరీ విన్నాడు ప్రతి గోడనీ. గ్లాసుడు పాలిస్తే కూడా ముట్టలేదు. ఆయన కావాలని చేసే మనిషి కాదు."

తిట్టుంటే తట్టుకునేవాడు. శాపనార్థాలు పెట్టినా తలొంచుకుని భరించేవాడు. ఆ మాటకి మాత్రం మనిషి నిలువునా చితికిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా అందరి దగ్గరా చెప్పుకున్న గొప్ప, ఇవాళ తను ముంచేసిన మనిషి నోటినుంచి సాక్ష్యంగా వచ్చింది.

లేచి నిలబడ్డాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"కలవలేదు మేడమ్. నేనే పెట్టాను. గోడౌన్ దగ్గరికి నేను వెళ్ళనేలేదు. ఈవిడ గోడకి మరమ్మతు చాలు. నేను కావాలనే చాలదని రాశాను."

పై అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, బురద తనమీద చిందుతుందేమో అన్నట్టు.

గోడౌన్ అనుమతి ఆపేశారు. పాలావిడ కొట్టానికి వేరే ఇన్‌స్పెక్టరు వెళ్ళాడు. వెనక గోడకి ఆసరా కట్టుకుని ఉండొచ్చని రాశాడు. టేపు మాస్టారిని పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు. టేపు, తాళాల గుత్తి అప్పగించమన్నారు. ఫోన్లు చేయించినవాణ్ణీ, చేసినవాళ్ళనీ ఎవరూ ఏమీ అడగలేదు. అడగరు కూడా. సంతకం పెట్టే చెయ్యే ఎప్పుడూ బయటపడేది.

రెండు నెలలు పోయాక ఆయన పాలావిడ దగ్గరికి నడిచి వెళ్ళాడు. కొట్టం దాకా వెళ్ళడానికి ముఖం చెల్లక వాగు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. అవతల గోడౌన్ రేకు ఎండకి మెరుస్తూనే ఉంది. ఓనరు మళ్ళీ దరఖాస్తు పెట్టాడని కాగితాల గదిలోకి కబురు ముందే చేరింది.

పాలావిడ చూసి పీట వాల్చింది. గ్లాసుడు పాలు తెచ్చి ముందు పెట్టింది.

"నాకా అర్హత లేదమ్మా."

"కొలవడానికి మళ్ళీ టేపు తెచ్చావా ఏంటి? తాగు."

తాగాడు. తలెత్తలేకపోయాడు. ఎదురుగా ముందు గోడమీద, అడుగున, ఒక కొత్త నీలి గీత కనిపించింది. దాన్ని చూస్తూ గ్లాసు ఖాళీ చేశాడు. కడిగి ఇస్తానని లేచాడు. ఆవిడ కడగనివ్వలేదు.