ఊడదీసిన కొమ్ము

గాజు కౌంటరు వెనక కూర్చునే ఆ పెద్దమనిషిని అందరూ కెమెరా డాక్టరు అంటారు. పాత లెన్సు పట్టుకొచ్చి, ఇది నా కెమెరాకి సరిపోతుందా అని ఎవరడిగినా ఆయన పాట ఒకటే.

"బిగియడం వేరు, పనిచెయ్యడం వేరండీ. టక్కుమంది కదా అని సంబరపడిపోకండి."

ఆ మాట అనేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల మొహం చూడడు. ఏ మొహం పెట్టుకుని చూస్తాడు? ఆ పాఠం తన అన్నయ్య లెన్సు మీద నేర్చుకున్నాడు మరి.

ముప్పై ఏళ్ల కిందట ఈ కొట్టు అన్నయ్య ఫొటో స్టూడియో. అన్నయ్యది పాత కెమెరా, తమ్ముడిది, అంటే ఈ డాక్టరుది, అప్పుడే కొన్న కొత్త మోడలు. కొత్తదానికి అన్నయ్య లెన్సు బిగించుకోవాలని తమ్ముడి సరదా. వెనక అంచు కాస్త అరగదీస్తే చాలు. అన్నయ్య లేనప్పుడు ఆకురాయి అందుకున్నాడు. లెన్సు మీదున్న బుల్లి లోహపు కొమ్ము అడ్డొస్తోందని దాన్ని ఊడదీశాడు. తిరిగి పెడదామంటే స్క్రూ ఎక్కడో దొర్లిపోయింది. కొమ్ము లేకపోతే కొంప మునుగుతుందా అనుకుని, దాన్ని ఓ డబ్బాలో పడేసి, లెన్సు యథాస్థానంలో పెట్టేశాడు.

కొంప మునిగింది. లెన్సు ఎంత తెరుచుకుందో పాత కెమెరాకి ఆ కొమ్మే చెప్పేది. అది లేకపోయినా లెన్సు టక్కున బిగిసింది, వెలుతురు చూపించే ముల్లు కదిలింది, కానీ తప్పు చూపించింది. మర్నాడు ఓ బడి చివరి రోజు. పిల్లలందరికీ తరగతివారీగా ఫొటోలు తీశాడు అన్నయ్య. ముల్లు మీద ఒకసారి అనుమానమొచ్చినా, ఇన్నేళ్లూ మోసం చెయ్యనిది కదా అని దాన్నే నమ్మాడు. రీలు కడిగి చూస్తే అన్నీ చీకటే. అప్పటికి పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

"నా కన్ను పోయిందిరా," అన్నాడు అన్నయ్య. కెమెరా, కొట్టు తమ్ముడి చేతిలో పెట్టి గిడ్డంగిలో గుమాస్తాగా చేరిపోయాడు. వారం తిరక్కుండానే తమ్ముడికి అసలు సంగతి తెలిసింది. చెప్పేద్దామని రెండుసార్లు ఇంటిదాకా వెళ్లాడు కూడా. చెబితే కొట్టు వదులుకోవాలి. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాడు. సిగ్గుమాలిన పని.

మొన్న అన్నయ్య కొట్టుకొచ్చాడు.

"నా పాత కెమెరా ఉందేంట్రా? మనవరాలు నేర్చుకుంటుందట. నాలా కాదు, దానికి మంచి కన్నుంది."

ఆ 'నాలా కాదు' అన్న మాటకి తమ్ముడు ఇక దాచలేకపోయాడు. డబ్బా తీసి, కొమ్ము అన్నయ్య అరచేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు.

అన్నయ్య తిట్టలేదు. కొమ్మును వేలితో అటూ ఇటూ తిప్పాడు.

"అయితే నా కన్నుకేం కాలేదన్నమాట."

"లేదన్నయ్యా."

"ఇది మళ్లీ బిగించాలంటే ఎంతసేపు పడుతుంది?"

"ఐదు నిమిషాలు."

అన్నయ్య కొమ్మును కౌంటరు మీద పెట్టి, "ముప్పై ఏళ్లు పట్టిందిరా," అన్నాడు.