గుమ్మిలో జానెడు చోటు

మా మేనత్త పోయిందన్న కబురు అర్ధసంవత్సర పరీక్షల ఆఖరి రోజున వచ్చింది. పిల్లల దగ్గర జవాబు కాగితాలు తీసుకుంటున్నాను. మా ఊరి మనిషి ఒకాయన తలగుడ్డ చేత్తో పట్టుకుని బడి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన తలగుడ్డ తీశాడంటేనే నాకు సగం అర్థమైంది. "మీ అత్త పొద్దున్నే ఇత్తనం కాయలు ఏరుకుంటా కూచోనుండె. ఏరతా ఏరతా అట్లే గోడకి ఒరిగిపోయింది. ఒళ్లో చాట ఒళ్లోనే ఉండాదమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి క్రిస్మస్ సెలవులు. ఎప్పట్లాగే చుట్టాలందరూ మా ఇంటికి రావలసిన రోజులు. వాళ్లు వచ్చేలోగా ఆ పని ముగించాలని తొందరపడి ఉంటుంది.

పత్రికలో రాయదగిన పని ఆమె ఏం చేసిందని మీరు అడగవచ్చు. చదువు లేదు. మా ఊరు యాడికి దాటి ఆమె చూసిన ఊళ్లను వేళ్ల మీద చెప్పవచ్చు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. అప్పటినుంచీ ఇంటిపెద్ద మా నాయన అని ఊరు అనుకునేది. ఆ నాయన ఎద్దును మార్చాలన్నా, పొలానికి కంచె వేయాలన్నా ముందు అక్క మొహంలోకి చూసేవాడు. ఆమె ఊఁ అంటే సరి, ఊఁహూఁ అంటే ఆ సంగతి మళ్లీ ఎత్తేవాడు కాదు. నాకు మాత్రం ఆమె ఒక పెద్ద తప్పును క్షమించిన మనిషి. ఆ తప్పు నాది. ఇరవై ఏళ్లు దాటినా దాన్ని ఇంతవరకు మా ఇంటి బయట చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

సెలవులు వచ్చాయంటే గుంతకల్లు నుంచి చిన్నత్త తన పిల్లలతో దిగేది. ఆమె భర్తకు రైల్వేలో పని. కణేకల్ నుంచి చిన్నాయన, పామిడి నుంచి పిన్నమ్మ తమ తమ సంసారాలతో వచ్చేవాళ్లు. మా మట్టిమిద్దెలో అందరికీ కలిపి ఉన్నవి నాలుగు బొంతలు. పొద్దున్నే తూర్పు గోడ పక్కన ఎండలో వరసగా కూర్చుని సజ్జరొట్టె, ఊరుబిండి తినేవాళ్లం. వేయించిన శెనగ గింజలు, మిరపకాయలు రోట్లో వేసి మేనత్త నూరే ఆ ఊరుబిండి కోసమే తన కొడుకు, మా గుంతకల్లు బావ, రైలెక్కి వస్తాడని చిన్నత్త ఎగతాళి చేసేది.

చుట్టాల దగ్గర మేనత్తకు మొహమాటం ఉండేది కాదు. తాగునీళ్ల బావి ఊరికి దూరం. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి చెంబు అందుకుంటే, ఆమె పక్కన ఖాళీ కడవ పెట్టేది. "కాళ్లు కడుక్కుంటే సుట్టమైపోతావు. ముందు కడవెత్తుకో" అనేది. రైల్వే ఉద్యోగస్థుడైన మా మామ ఇస్త్రీ చొక్కాతో కడవ భుజాన పెట్టుకుని నడుస్తుంటే ఊరి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు, పాపం.

ఇంటి మూల గదిలో గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి, పేడ, ఎర్రమన్ను కలిపి పూసిన ధాన్యపు బుట్ట అది. అప్పట్లో నా భుజాల ఎత్తు ఉండేది. మరుసటి ఏడు విత్తడానికి దాచిన వేరుశనగ కాయలు అందులోనే. పంట పీకినప్పుడు మంచి చెట్లు ఎంచుకుని, ఒక్కొక్క కాయా చూసి, ఎండబెట్టి, వేపాకుతో కలిపి మేనత్త గుమ్మిలో పోసేది. మూతికి మన్ను మెత్తేది. ఆ మన్ను మళ్లీ పగిలేది ఎండాకాలం చివర, వాన మబ్బు కనిపించాకే. అప్పుడు పది మందీ కూర్చుని చేత్తో కాయలు ఒలిచేవాళ్లు. ఒలిచిన కొన్నాళ్లకే విత్తడానికి గొర్రు కట్టేవాళ్లు.

నాకు పదో పదకొండో ఏడు. ఆ ఏడు వాన మోసం చేసింది. చేలో పంట అని చెప్పుకోవడానికి మిగిలింది దాదాపుగా ఆ గుమ్మిలోదే. అయినా చుట్టాలు వచ్చారు. వద్దని మేనత్త కబురు పంపలేదు. ఒకరోజు పెద్దవాళ్లంతా పక్క ఊళ్లో నామకరణానికి పోయారు. పిల్లలం అయిదుగురం మిగిలాం. గుంతకల్లు పిల్లల ముందు నేను చాలా తెలిసినదాన్నని చూపించుకోవాలని నాకు మహా ఆశ. బావ నాకంటే ఏడాది పెద్ద. రైళ్ల గురించి వాడు చెప్పే కోతలు విని విని నాకు ఒళ్లు మండిపోయి ఉంది. "ఈ కాయలన్నీ ఒలిచిపెడితే అత్త ఎంత సంతోషపడుతుందో తెలుసా? ఎండల్లో ఆమె వేళ్లు పుండ్లయిపోతాయి" అన్నాను. ఆమె వేళ్ల మాట నిజమే. దాన్ని ముందు పెట్టుకుని నా గొప్ప నేను వెనక దాచుకున్నాను.

గుమ్మి మూతికి తడిగుడ్డ వేసి, మన్ను నానాక కొడవలి మొనతో చుట్టూ గీసి తీశాను. ఆ పద్ధతి మేనత్త చేతిలో చూసి నేర్చుకున్నదే. కాయలు గట్టిగా ఉన్నాయి. నీళ్లు చల్లితే తొందరగా ఒలుస్తాయని నీళ్లు చల్లించాను. అదీ చాలక రాతి మీద పెట్టి గుండ్రాయితో కొట్టమన్నాను. సాయంత్రానికి గుమ్మి సగానికి పైగా దిగిపోయింది. చాపమీద ఎర్రటి గింజల కుప్ప. మేం అయిదుగురం దాని చుట్టూ కూర్చుని బండి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాం.

బండి వచ్చింది. అమ్మ లోపలికి వచ్చి చూసి "అయ్యో దేవుడా" అంది. నాయన గడప మీద కూర్చుండిపోయాడు. "ఇంగ ఏమి ఇత్తాల?" అన్నాడు, ఎవరినీ అడగకుండా. అప్పుడు తెలిసింది నాకు. చలికాలంలో ఒలిచిన గింజ వానాకాలం దాకా నిలవదు. నీళ్లు తగిలింది బూజు పడుతుంది, రాయి తగిలింది రెండుగా చీలుతుంది. విత్తనం లేకపోతే ఆ ఏడు చేను బీడు.

"ఎవురు తెరిసినారు?" అని చిన్నత్త అరిచింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. బావ నావైపు ఒక్కసారి చూశాడు. "నేనే తెరిసినా. నేనే ఒలసమంటి" అన్నాడు. చిన్నత్త వాడి వీపు మీద రెండు వేసింది. వాడు ఏడవలేదు. నేను ఏడ్చాను. నాకు వాడి మీద జాలి అని అందరూ అనుకున్నారు.

రెండు రోజులు ఇల్లు ఇల్లుగా లేదు. చిన్నత్త పెట్టె సర్దుకుంటానంది. మూడో రోజు పొద్దున ఎండలో మేనత్త ఆ గింజల్ని చాటలో పోసుకుని ఏరుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. చీలినవి ఒకవైపు, నిండుగా ఉన్నవి ఒకవైపు. చాలాసేపు ఏరాక తలెత్తకుండానే అంది:

"పాపా, గుంతకల్లులో గుమ్ములు ఉంటాయా?"

"ఉండవత్తా."

"మరి మూతి మన్ను నానబెట్టి గీసి తీసేది ఆ పిల్లోనికి ఎట్ల తెలిసె?"

ఆమె నా చెయ్యి తీసుకుని గోళ్లు చూసింది. వాటిల్లో ఇంకా ఎర్రమన్ను ఉంది. "నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వు సెప్తావని సూస్తాండా. పిల్లోడు దెబ్బలు తిని రెండు దినాలైపాయ. ఇంకా ఎంతసేపు?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత సిగ్గు అయ్యేది కాదేమో.

అందరూ రొట్టె తినేటప్పుడు లేచి నిలబడి చెప్పాను. మాటలు సరిగా రాలేదు, కానీ చెప్పాను. అమ్మ చెయ్యి ఎత్తింది. మేనత్త అడ్డం వచ్చింది. "సెప్పేసింది కదా, ఇడిసిపెట్టు" అని పిల్లలందరినీ దగ్గరికి పిలిచి ఒక కాయ ఒలిచి చూపించింది. "గింజకి తొక్కే రగ్గు. సలికాలంలో రగ్గు లాగేస్తే ఎవురికైనా కోపం రాదా? దానికీ వస్తాది. ఇంగ అది లెయ్యదు." పిల్లలు నవ్వారు. చిన్నత్త కూడా నవ్వింది. ఆమె పెట్టె మళ్లీ అటక మీదికి పోయింది.

"సెలవులకొచ్చినోళ్లు బిక్కమొగాలేసుకోని పోగూడదు" అని ఆ మధ్యాహ్నమే చీలిన గింజలన్నీ వేయించి, బెల్లం పాకం పట్టి ఉండలు చేయించింది. నిండు గింజల్ని మాత్రం బూడిదలో కలిపి ఒక కుండకు ఎత్తి మూతి కట్టింది. ఎందుకక్కా అవి, లేస్తాయా పెడతాయా అన్నాడు నాయన. "పిల్లోళ్లు దినమంతా కష్టపడి ఒలసినారు కదప్పా. ఒక సాలన్నా ఏసి సూద్దాం" అంది. చుట్టాలు బయల్దేరిన రోజు ఆమె ఎవరినీ విత్తనాలు అడగలేదు. నాకు బాగా గుర్తు, ఒక్క మాట కూడా అడగలేదు.

ఉగాది దాటాక కణేకల్ చిన్నాయన బండి మీద ఒక మూట విత్తనం కాయలు పంపాడు. అక్కడ కాలువ నీళ్లున్నాయి. పామిడి పిన్నమ్మ అరమూట పంపింది. గుంతకల్లు మామకు భూమి లేదు. ఆయన తనతో పనిచేసే ఒక రైతుబిడ్డను బతిమాలి ఒక సంచి తెప్పించి, పైన తువ్వాలు కప్పి తానే మోసుకొచ్చాడు. ఆషాఢంలో వాన పడింది. నాయన గొర్రు పట్టాడు, మేనత్త వెనక నడుస్తూ గింజ వదిలింది. ఎవరి గింజ ఎక్కడ పడిందో ఆమెకు గుర్తు. మొలకలు లేచాక నన్ను చేనికి తీసుకుపోయి చూపించింది. "ఇదో, ఇవి కణేకల్ సాళ్లు. ఆడ పామిడివి. ఈ గట్టుపక్కన గుంతకల్లువి. మీ మామ మాదిరి సన్నంగా ఉండాయి సూడు." చేని చివర ఒక సాలు దాదాపుగా ఖాళీ. మేం ఒలిచిన గింజలు అవి. వేలితో చూపిస్తూ నడిస్తే ఎనిమిది మొలకలు కనిపించాయి. "ఎనిమిది లేసినాయి పాపా!" అంది మేనత్త, నాకంటే ఎక్కువ సంతోషంతో.

ఆ చలికాలం నుంచి మా ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. సెలవులకు వచ్చే చుట్టాలు మిఠాయి పొట్లాలు మానేసి, మూటలో ఎన్నో కొన్ని విత్తనం కాయలు తెచ్చేవాళ్లు. బావ రైల్వే క్వార్టర్స్ వెనక స్నానాల నీళ్లు పారే చోట నాలుగు చెట్లు వేసి, కాసిన రెండు గుప్పెళ్లను నిక్కరు జేబుల్లో తెచ్చాడు. మేనత్త గుమ్మిని ఇంటి పంటతో పూర్తిగా నింపేది కాదు. పైన చెయ్యి పెట్టి జానెడు కొలిచి వదిలేసేది. నాయన ఒకసారి "అది కూడా నింపేస్తే పాయ కదా" అన్నాడు. "నిండా పోసేస్తే వచ్చినోళ్లది యాడ పొయ్యాలప్పా?" అంది. చుట్టాలందరివీ పడ్డాకే మూతికి మన్ను.

ఆమెకు కోపం రాదని కాదు. గింజను కాలితో తొక్కితే ఎంతవాడినైనా కడిగేసేది. నేను పంతులమ్మనయ్యాక కూడా, సెలవులకు వచ్చినప్పుడు నా గోళ్లు చూసేది. "ఏమన్నా దాస్తాండావా?" అని నవ్వేది. పిల్లలు తప్పు చేసి నా ముందు నిలబడినప్పుడు నేను వెంటనే బెత్తం అందుకోను. కాసేపు ఆగుతాను. అది ఆమె పెట్టిన భిక్ష. ఆమె బతికుండగా ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

ఈసారి ఇంటికి పోయేసరికి గుమ్మి తెరిచే ఉంది. పక్కన చాటలో ఆమె ఏరుతూ వదిలిన కాయలు. నాయన వాటివైపు చూడటం లేదు. "అక్క లేదు. ఇంగ ఈ ఇత్తనాల పని నాతో కాదు. కావాల్సినప్పుడు యాడన్నా తెచ్చుకుందాం" అన్నాడు. నేను చాట ఒళ్లో పెట్టుకుని మిగతావి ఏరాను. వాటిని గుమ్మిలో పోసి చెయ్యి పెట్టి చూస్తే, పైన జానెడు మిగిలింది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అక్కడ తెగింది.

దినాలకు అందరూ వచ్చారు. మనిషి పోయిన ఇంటికి పండ్లు తెస్తారు, పూలు తెస్తారు. మావాళ్లు ఎప్పటి మూటలే తెచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదట. పిన్నమ్మ కొంగు ముడి విప్పి గుమ్మిలో పోసింది. బావకు ఇప్పుడు రైల్వేలోనే ఉద్యోగం. వాడు తన కూతుర్ని ఎత్తుకుని ఆ పిల్ల చేతే గుడ్డసంచి కుమ్మరింపించాడు. "ఇంగా ఉండాది నాయనా ఖాళీ" అంది ఆ పిల్ల లోపలికి తొంగి చూసి. నిజమే, నాలుగు వేళ్ల చోటు ఇంకా ఉంది. కణేకల్ చిన్నాయన బస్సు ఇంకా రాలేదు.

నేను పేడ, మన్ను కలిపి తెచ్చాను. పొద్దెక్కుతోంది, మెత్తేద్దామా అని అడిగాను. నాయన లేచి వచ్చి నా చేతుల్లోంచి ఆ ముద్ద తీసుకున్నాడు. "ఆగు పాపా. కణేకల్లోళ్లు రావల్ల కదా" అన్నాడు. ఎండ పడే వాకిలి పక్కన కూర్చున్నాడు. మన్ను ఆరినప్పుడల్లా చెంబులోంచి కాసిని నీళ్లు చిలకరించి మళ్లీ మెత్తగా పిసుకుతూ, బస్సు వచ్చే దారివైపు చూస్తూ ఉన్నాడు.